ప్రార్థనలో మాట రానప్పుడు నిరీక్షణను ఎలా పట్టుకోవాలి

ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదు. బైబిలు తెరిస్తే కళ్లు అక్షరాల మీద నడుస్తున్నాయి గానీ లోపలికి ఏమీ దిగడం లేదు. ఆదివారం గుడికి వెళ్తున్నారు, పాటలో గొంతు కలుపుతున్నారు, అయ్యగారికి వందనాలు చెప్పి వస్తున్నారు. ఇంటికొచ్చి గిన్నెలు తోముకుంటుంటే మాత్రం "దేవుడు నాతో మాట్లాడి ఎన్నాళ్లయింది?" అన్న ప్రశ్న వదలడం లేదు. ఇది అలాంటివాళ్ల కోసం రాస్తున్నాను.

ఒడిశాలో గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు స్త్రీల సమాజం కూడికల్లో నేను ఎక్కువగా వినేది ఇదే. అందరూ వెళ్లిపోయాక ఒక్కరు ఆగి, చుట్టూ చూసి, "అప్పా, గోడతో మాట్లాడినట్టుంది" అంటారు. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు గొంతు తగ్గించి చెబుతారు. పక్కవాళ్లు వింటే "విశ్వాసం తగ్గింది" అంటారని భయం.

భయపడకండి. 42వ కీర్తన మొదలయ్యేదే అక్కడ. "దుప్పి నీటివాగులకొరకు ఆశపడునట్లు దేవా, నీకొరకు నా ప్రాణము ఆశపడుచున్నది." ఆ రాసినవాడు దేవుడి మందిరానికి దూరంగా, యొర్దాను ప్రదేశంలో, హెర్మోను కొండల దగ్గర ఉన్నాడు. ఒకప్పుడు పండుగకు జనంతో కలిసి మందిరానికి నడిచి వెళ్లిన రోజులు తలుచుకుని ఏడుస్తున్నాడు. సొంత ఊరి సంఘాన్ని శ్రీకాకుళం జిల్లాలోనో విజయనగరం జిల్లాలోనో వదిలేసి, పనికోసం ఇటు వచ్చి స్థిరపడినవాళ్లకు ఆ ఏడుపు బాగా తెలుసు. అతని విశ్వాసం పోలేదు. పోయి ఉంటే దేవుడి మీద అంత బెంగే ఉండేది కాదు. మీ బెంగ కూడా అంతే. అది మీలో దేవుడి పని ఇంకా ఆగలేదనడానికి గుర్తు అని నేను నమ్ముతున్నాను.

ఇంకో మాట ముందే చెప్పాలి. నిరీక్షణ అంటే మనసు తేలికపడడం అనుకుని చాలామంది ఆ తేలిక కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. బైబిలులో మాత్రం అది నోటితో, చేతులతో చేసే పని. మనసు బాగాలేని రోజున చేయాల్సిన పని. ఎలా చేయాలో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు ఒంటి సంగతి చూసుకోండి

ఏలీయా ప్రవక్త అరణ్యంలో చెట్టు కింద కూలబడి "ప్రభువా, నా ప్రాణం తీసుకో" అన్నప్పుడు దేవుడు అతనికి ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూతతో కాల్చిన రొట్టె, నీళ్లు పంపాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు, ఎందుకంటే ముందున్న ప్రయాణం అతని శక్తికి మించినది. దేవుడు "ఇక్కడ నీకేమి పని?" అని అడిగింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర.

కాబట్టి మీరు కూడా ముందు ఇవి చూసుకోండి. రాత్రి నిద్ర పడుతోందా? రక్తం తక్కువైందా? థైరాయిడ్ పరీక్ష చేయించారా? మన జిల్లాల్లో మలేరియా వచ్చి తగ్గాక చాలా రోజులు నీరసం వదలదు, ఆ నీరసంలో ప్రార్థన కూడా బరువుగానే ఉంటుంది. ప్రసవమైన కొత్తలో తల్లికి ఏడుపు ఆగకపోతే దానికీ వైద్యం ఉంది. వరుసగా రెండు వారాలకు మించి దేని మీదా ఆసక్తి లేకుండా, తిండి సయించకుండా ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రేపటిదాకా ఆగకండి. ఇంట్లో ఒకరికి ఇప్పుడే చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు. తెలుగులో మాట్లాడొచ్చు, ఒడియాలోనూ మాట్లాడొచ్చు, డబ్బులేమీ కట్టనక్కర్లేదు.

మాత్రలు వేసుకుంటే విశ్వాసం లేనట్టే అని ఎవరైనా అంటే ఆ మాట వినకండి. లూకా వైద్యుడే. ప్రార్థన చేయించుకున్నామని డాక్టరు రాసిన మందు మధ్యలో ఆపేయడం ప్రమాదం. దేవుడు అడగని సాహసం అది.

తర్వాత, ఫిర్యాదు దేవుడికే చెప్పండి

మనకు చిన్నప్పటినుంచి స్తుతి నేర్పారు, విన్నపం నేర్పారు. మొర పెట్టడం పెద్దగా నేర్పలేదు. కీర్తనల గ్రంథంలో ఉన్న 150లో దాదాపు మూడో వంతు మొరలే. అన్ని మొరలు దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్నాడంటే, అవి వినడం ఆయనకు ఇష్టమే.

మొదలుపెట్టడానికి 13వ కీర్తన తీసుకోండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని నిలదీయడం. తర్వాతి రెండింటిలో నన్ను చూడు, జవాబివ్వు అని అడగడం. చివరి రెండింటిలో నీ కృపను నమ్ముకున్నాను అని చెప్పడం. ఒక నోటుపుస్తకం తీసుకుని ఇదే వరుసలో మీ సొంత మొర రాయండి. పెద్దగా అవసరం లేదు, ఆరేడు వాక్యాలు చాలు.

ఎలా ఉండాలో చూపిస్తాను. కొడుకు పనికోసం చెన్నై వెళ్లి ఇంటికి ఫోన్ చేయని తల్లి ఇలా రాయొచ్చు: "ప్రభువా, ఇంకెన్నాళ్లు? పండక్కి కూడా వాడు ఫోన్ ఎత్తలేదు. అన్నం ముందు కూర్చుంటే వాడు తిన్నాడో లేదో అని ముద్ద దిగడం లేదు. నేను అడుగుతూనే ఉన్నాను, నువ్వు వినడం లేదని అనిపిస్తోంది. ఒక్కసారి వాడి గొంతు వినిపించు. వాణ్ని చెడు సావాసం నుంచి తప్పించు. వాడు నా కడుపున పడకముందే నీకు తెలుసు. నేను చూడలేని చోట నువ్వు చూస్తావని పట్టుకుని ఉన్నాను."

అందులో ప్రార్థన భాష ఏమీ లేదు చూడండి. "మహోన్నతుడవైన", "మహాఘనుడవైన" వంటి మాటలు మంచివే, సంఘంలో అందరితో కలిసి ప్రార్థించేటప్పుడు అందంగా ఉంటాయి. మొరకు మాత్రం మీరు ఏ భాషలో ఏడుస్తారో అదే కావాలి. మన ఇళ్లలో పిల్లలు ఒడియాలో చదువుతారు, బజారులో ఒడియా మాట్లాడతాం, అమ్మతో తెలుగు, కొందరి ఇళ్లలో అమ్మమ్మతో సవర లేదా కువి. లోపలినుంచి ఏది వస్తే అందులోనే చెప్పండి, రెండు కలిసినా ఫరవాలేదు. యేసు ప్రభువు సిలువ మీద 22వ కీర్తన మాటతోనే మొరపెట్టాడు. మార్కు ఆ మాటను ఆయన ఇంటి భాష అయిన అరామిక్‌లోనే, "ఎలోయీ, ఎలోయీ" అని, అలాగే రాసి ఉంచాడు. "నా దేవా, నన్నెందుకు విడిచావు" అని దేవుడి కుమారుడే అడిగాడు గనుక, మీరు ఆ మాట అన్నందుకు ఎవరూ మిమ్మల్ని తక్కువ చేయలేరు.

రాసింది పైకి చదవండి. మనసులో అనుకుంటే సరిపోదా అంటే, నా అనుభవంలో సరిపోదు. మనసులో అది ఆలోచనగా తిరుగుతూ ఉంటుంది, నోటితో పలికినప్పుడే అది ఒకరితో చెప్పిన మాట అవుతుంది. ఇంట్లో జనం ఎక్కువైతే నీళ్లకో పొలానికో వెళ్లే దారిలో చెప్పుకోండి.

చివరి రెండు వాక్యాలు, నమ్ముకున్నాను అనే మాటలు, రాకపోతే? బలవంతంగా రాయకండి. 88వ కీర్తన చదవండి. 18 వచనాలు, చివరిదాకా వెలుగు లేదు, చీకటి మాటతోనే ముగుస్తుంది. కానీ మొదటి వచనం చూడండి, "నాకు రక్షణకర్తవగు దేవా" అని పిలుస్తున్నాడు. ఆ కీర్తనలో ఉన్న నిరీక్షణ అంతా ఆ పిలుపులోనే ఉంది. కొన్ని రోజులు అంతే ఉంటుంది, ఆ రోజుకు అది చాలు.

ఇప్పుడు మీ ప్రాణంతో మాట్లాడండి

ఇదే అసలు మెట్టు. ఇక్కడ తొందరపడకండి.

రోజంతా మన ప్రాణం మనతో మాట్లాడుతూనే ఉంటుంది. "ఇక మారదు", "నీకే ఎందుకిలా", "దేవుడు వాళ్ల ప్రార్థన వింటాడు, నీది వినడు." మనం చేతులు కట్టుకుని వింటూ కూర్చుంటాం. 42వ కీర్తనకారుడు మాత్రం తిరిగి మాట్లాడాడు: "నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు? నాలో నీవేల తొందరపడుచున్నావు? దేవునియందు నిరీక్షణ యుంచుము." అతను తనను తాను తిట్టుకోలేదు, కారణం అడిగాడు. అడిగాక ఏం చేయాలో చెప్పాడు.

ఇందులో చాలామంది గమనించనిది ఒకటుంది. ఐదో వచనంలో ఈ మాట అన్న వెంటనే "నా దేవా, నా ప్రాణము నాలో క్రుంగియున్నది" అని రాశాడు. అంటే మొదటిసారి చెప్పినప్పుడు ఏమీ మారలేదు. పదకొండో వచనంలో అదే మాట మళ్లీ అన్నాడు. 43వ కీర్తన చివర మూడోసారి అన్నాడు. ఒక్కసారి చెప్పుకుని "నాకు పనిచేయలేదు" అని వదిలేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ మాటను దేవుడి ఆత్మే రాయించాడు, అయినా రాసినవాడికే మూడుసార్లు కావలసి వచ్చింది.

చేయాల్సిన విధానం చెబుతాను. మీ ప్రాణం మీతో ఎక్కువగా అనే మాట ఒక్కటి పట్టుకోండి. ఉదాహరణకు "నన్ను అందరూ మరిచిపోయారు." దాన్ని నోటుపుస్తకంలో ఎడమ పేజీలో రాయండి. కుడి పేజీలో ఆ మాటకు జవాబిచ్చే వాక్యం ఒక్కటే రాయండి, పది వద్దు. యెషయా 49లో స్త్రీ తన గర్భాన పుట్టిన బిడ్డను మరిచినా నేను నిన్ను మరువను అన్న వాక్యం దీనికి సరిపోతుంది. దాన్ని మీ పేరు పెట్టి చదవండి. ఒకే వాక్యాన్ని వారం అంతా పట్టుకోండి, పొద్దున పొయ్యి వెలిగించేటప్పుడు, మధ్యాహ్నం, పడుకునే ముందు. నమ్మకం కలిగినట్టు నటించనక్కర్లేదు. "నా ప్రాణమా, నీకు ఇప్పుడు అలా అనిపించడం లేదు, అయినా ఇది నిజం" అని చెప్పండి. 

ఇది మనసుకు మంచి మాటలు చెప్పుకుని ధైర్యం తెచ్చుకోవడం లాంటిదే కదా అని ఒక చదువుకున్న తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. మంచి మాటలు నామీద నాకున్న నమ్మకంలోంచి వస్తాయి, అది అయిపోతే అవీ అయిపోతాయి. మన నిరీక్షణకు ఆధారం మన బయట ఉంది. యేసు మృతులలోనుంచి లేచాడు గనుక మనకు జీవముతో కూడిన నిరీక్షణ కలిగిందని పేతురు రాశాడు. పొద్దున నా మనసు ఎలా ఉన్నా, ఆ సమాధి ఖాళీ అయిన సంగతి మారదు. నేను నా ప్రాణానికి గుర్తుచేస్తున్నది ఆ జరిగిన సంగతినే.

వాగ్దానం చీటీని అధ్యాయంతో కలిపి చదవండి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో చాలా సంఘాల్లో వాగ్దానం చీటీలు ఇస్తారు. ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంటాం. నాకూ ఇష్టమే. కానీ ఆ ఒక్క వచనం దగ్గరే ఆగిపోతే, ఏడాది తిరిగేసరికి అనుకున్నది జరగకపోతే, మన నిరీక్షణ కూడా క్యాలెండరుతోపాటు కిందికి దిగిపోతుంది.

ఎక్కువమందికి వచ్చే చీటీ యిర్మీయా 29:11, "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అన్నది. పదో వచనం కూడా చదవండి. 70 సంవత్సరాలు గడిచాక అని ఉంది. ఆ అధ్యాయం యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం, బబులోనుకు చెరపట్టుకు పోయినవాళ్లకు వెళ్లింది. అది చదివిన పెద్దవాళ్లలో చాలామంది తిరిగి యెరూషలేము చూసి ఉండరు. వాళ్లకు దేవుడు ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. రెండేళ్లలో అంతా అయిపోతుందని చెప్పిన హనన్యాను అబద్ధ ప్రవక్త అన్నాడు. ఫలానా నెలలోపు ఉద్యోగం, ఫలానా తేదీకి సంబంధం అని మీకు ఎవరైనా చెబితే 28వ అధ్యాయం తీసి చదవండి. ఆ తేదీ మీద నిరీక్షణ కట్టుకోకండి.

చేతులతో ఒక పని చేయండి

యిర్మీయా 32వ అధ్యాయం నాకు చాలా ఇష్టం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టి ఉంది. నగరం పడిపోవడానికి ఇంకా ఏడాదే. యిర్మీయా కావలిలో బందీగా ఉన్నాడు. అప్పుడు దేవుడు అనాతోతులో పొలం కొనమన్నాడు. యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు, సాక్షుల ముందు సంతకం చేశాడు, ముద్ర వేయించాడు, ఆ దస్తావేజు చాలా కాలం ఉండేలా మట్టికుండలో పెట్టించాడు. ఈ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్లీ కొంటారు అన్న దేవుడి మాటే దానికి కారణం. ఇంకా బాగున్న సంగతి, అదంతా అయ్యాక యిర్మీయా ప్రార్థన చేస్తూ, పట్టణం శత్రువుల చేతికి పోతుంటే నన్ను పొలం కొనమన్నావేంటి అని దేవుణ్ణే అడిగాడు. అర్థం కాకుండానే రిజిస్ట్రేషను చేయించాడన్నమాట.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఇటు గజపతి, రాయగడ జిల్లాల్లో కుండపోత కురిసింది, కొండచరియలు విరిగిపడ్డాయి, వంశధార పొంగింది. కాపుకొచ్చిన చెట్లు ఎన్నో పోయాయి. అంటు జీడిమొక్క పెడితే కాపు చూడడానికి మూడేళ్లు ఆగాలి. ఆ బురద ఆరకముందే మళ్లీ మొక్కలు నాటినవాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ ఆ రోజు సంతోషంగా లేరు.

మీరు కూడా ఒక్క పని ఎంచుకోండి, దేవుడు చెప్పింది నిజమైతేనే అర్థమున్న పని. మాటల్లేకుండా పోయిన తోడికోడలి ఇంటికి వెళ్లి పలకరించడం కావచ్చు. ఆపేసిన కానుక మళ్లీ వేయడం కావచ్చు. ఫెయిలైన పరీక్షకు మళ్లీ ఫీజు కట్టడం కావచ్చు. ఇంటికి రాని కొడుకు పేరున ఒక జత బట్టలు కొని ఉంచడం కావచ్చు. చిన్నదైనా సరే, ఆ పని ఏ రోజు చేస్తారో నోటుపుస్తకంలో రాసుకోండి. మనసు కుదిరాక చేద్దాం అనుకుంటే అది జరగదు.

ఒక్కరికైనా చెప్పండి

ఎవరికి చెప్పాలో చూసి చెప్పండి. మీ మాటను ప్రార్థనాంశం పేరుతో ఊరంతా తిప్పేవారికి వద్దు. వినగానే సలహా ఇచ్చేవారికీ వద్దు. తాము ఎండిపోయిన కాలం గురించి దాచకుండా మాట్లాడే పెద్దావిడ ఒకరు దాదాపు ప్రతి సంఘంలో ఉంటారు, ఆవిడ దగ్గరికి వెళ్లండి. "పెద్దమ్మా, నేను ప్రార్థన చేయలేకపోతున్నాను, నా బదులు మీరు చేయండి" అని అడగండి. పక్షవాయువు గలవాణ్ని నలుగురు మోసుకొచ్చి ఇంటి కప్పు విప్పి దించినప్పుడు యేసు చూసింది వారి విశ్వాసాన్ని అని మార్కు రాశాడు. మోయించుకోవడంలో సిగ్గేమీ లేదు.

ఆదివారం ఆరాధన మాత్రం మానకండి. పాడలేకపోతే కూర్చుని వినండి.

ఎన్నాళ్లు చేయాలి?

అందరూ చివరికి అడిగేది ఇదే. నేను తేదీ చెప్పలేను. కొందరికి వారాల్లో మార్పు వస్తుంది, కొందరికి ఏళ్లు పడుతుంది. వచ్చినప్పుడు కూడా పెద్ద శబ్దంతో రాదు. ఒకరోజు బైబిలు చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగి రెండోసారి చదవాలనిపిస్తుంది. అప్పుడు ఆ వాక్యాన్నీ తేదీనీ కుడి పేజీలో రాసిపెట్టుకోండి, మళ్లీ ఎండిన రోజు వస్తే చూసుకోవడానికి. మళ్లీ రావచ్చు, వస్తే మొదటి మెట్టునుంచి మొదలుపెట్టండి.

అప్పటిదాకా పొద్దున లేవగానే ఏం ప్రార్థించాలో తోచకపోతే 43వ కీర్తన మూడో వచనం తీసుకోండి. ఆ కీర్తన ముగిసేసరికి కూడా అతను మందిరం చేరలేదు, ఇంకా దారి అడుగుతూనే ఉన్నాడు. నీ వెలుగును, నీ సత్యాన్ని పంపు, అవి నాకు త్రోవ చూపిస్తాయి, నీ పరిశుద్ధ పర్వతానికి నన్ను తోడుకుని వస్తాయి అంటున్నాడు. రేపు పొద్దున ఫోన్ ముట్టుకోకముందే ఆ ఒక్క వచనాన్ని పైకి చదవండి.